పూర్వపక్షము లేని వ్యాసము: తెలుగున వాదరచనా బోధన చరిత్ర

తెలుగు వ్యాసమును గూర్చిన చర్చ మన విద్వత్పత్రికలలో కొత్తది కాదు. వ్యాసవాఙ్మయమునకు ఆద్యుడెవరు, ఆ ప్రక్రియకు మొదట ఏ పేరుండెను, ఆంగ్ల సంప్రదాయమునకు మన మెంతవరకు ఋణపడితిమి అను ప్రశ్నలపై పెద్దలు విశేషముగా శ్రమించిరి. వ్యాసమును విద్యార్థికి నేర్పిన విధమెట్టిది, ఆ విధము ఎక్కడ రూపు దిద్దుకొనినది, దానివలన మన కేమి దక్కినది, ఏమి జారిపోయినది అను ప్రశ్న మాత్రము ఉపాధ్యాయుల సంభాషణలలో వినబడునంతగా వ్రాతలో కనబడదు. ఈ చిన్న ప్రయత్నము దానిని గూర్చినది. అందును మేము వ్యాసజాతి నంతటిని తీసికొనుట లేదు. ఒక పక్షమును స్వీకరించి, దానిని కాదను చదువరిని ఒప్పించుటకై వ్రాయబడు వ్యాసమును మాత్రమే గ్రహించుచున్నాము. సౌకర్యార్థము దానిని ‘వాదవ్యాస’ మని పిలుతము.

ఈ విచారణకు మమ్ము పురికొల్పినది ఒక పరీక్షాపత్రముల కట్ట. ‘పరీక్షలు విద్యకు సాధకములా, బాధకములా? మీ పక్షమును సమర్థింపుడు’ అని ప్రశ్న. సమాధానములలో నూటికి తొంబది ఒకే అచ్చున పోసినట్లుండెను. మొదట ‘పరీక్ష’ అను పదమునకు వ్యుత్పత్తి, తరువాత లాభములు, ఆ తరువాత నష్టములు, తుదకు మితముగా వాడుకొనినచో అన్నియు మంచివే యను తీర్పు. భాషాదోషములు అంత హెచ్చుగా లేవు. కొన్నింటిలో వాక్యరచన చక్కగనే యున్నది. కాని సమర్థింపుమన్న పక్షమును స్వీకరించినవారు మిక్కిలి తక్కువ. ‘నీ మాట నాకు సమ్మతము కాదు’ అని ఎదుట నిలిచిన వాడొకడున్నాడను స్మృతి ఏ యొక్క పత్రమునను కానరాలేదు. ఇది విద్యార్థుల లోపమని మొదట తలచితిమి. ఆలోచించి చూడగా వారు తాము నేర్చుకొనిన దానినే యథాతథముగా ఒప్పగించిరని తోచినది.

మా యభిప్రాయమును ముందే చెప్పుట మంచిది. తెలుగున వాదవ్యాసము ప్రతివాదిని ఎదుట పెట్టుకొని పుట్టినది. పాఠశాలలోనికి వచ్చునప్పుడు ఆ ప్రతివాదిని గడప బయటనే విడిచి వచ్చినది. తరువాతి కాలమున భాషను గూర్చి ఎంత వివాదము జరిగినను, బయట నిలిచిన ఆ ప్రతివాదిని లోనికి పిలిచిన వారు అరుదు.

పూర్వవిద్యలో ఒప్పించు కళకు శాస్త్రము లేకపోలేదు. గౌతముని న్యాయసూత్రములు ప్రమాణము మొదలు నిగ్రహస్థానము వరకు పదునారు పదార్థములను పేర్కొనినవి. అందు సంశయము, ప్రయోజనము, దృష్టాంతము, సిద్ధాంతము, అవయవములు, తర్కము, నిర్ణయము వరుసగా వచ్చుచున్నవి. ఇది తత్త్వజిజ్ఞాసువు నుద్దేశించిన పట్టిక యగుట నిజమే. కాని వ్యాసము వ్రాయబూనిన విద్యార్థి బల్లపై అంటించుకొనుటకు ఇంతకంటె మంచి పట్టిక వేరొకటి దొరకదు. తత్త్వమును తెలిసికొనుటకై జరుగు వాదమును, గెలుపుకొరకు జరుగు జల్పమును, తనకొక పక్షము లేకయే ఎదుటివానిని ఖండించు వితండను ఆ శాస్త్రమే వేరుపరచినది. మన పత్రికలలోని ఉత్తరప్రత్యుత్తరములను ఈ మూడు గదులలో సర్దినచో మొదటి గది యెంత ఖాళీగా నుండునో చెప్పనక్కరలేదు.

ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున చూపిన యొక విభాగము మనకు మరింత ముఖ్యమైనది. అనుమానము స్వార్థమని, పరార్థమని రెండు విధములు. తనంతట తాను పొగను చూచి నిప్పును ఊహించుకొనుట మొదటిది. ఆ ఊహను మరియొకనికి తెలియజెప్పుట రెండవది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను అయిదు అవయవములు ఈ రెండవ దానికే కావలసివచ్చును. తాను నమ్మిన మార్గము వేరు, ఇతరుని నమ్మించు మార్గము వేరు అను వివేకము ఇందు కలదు. మన విద్యార్థి వ్రాయు వ్యాసము తరచుగా స్వార్థానుమానముగనే మిగిలిపోవుచున్నది. తనకు తోచినది వ్రాసికొని తృప్తి పడును. ఉదాహరణముగా శాస్త్రకారులు వంటయింటిని గ్రహించుటలోని ఔచిత్యము కూడ గమనింపదగినది. కొండపైకి వినువాడు పోలేదు. వంటయింట పొగను, నిప్పును కలిపి చూడని వాడు లేడు. దృష్టాంతమును వక్త యెరిగినదానినుండి గాక శ్రోత యెరిగినదానినుండి ఎన్నుకొనవలెనని దీనివలన తేలుచున్నది.

మీమాంసకుల అధికరణము రచనాప్రణాళికకు ఇంకను దగ్గరగా వచ్చును. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అని దాని కైదు అంగములు. ఇందు సిద్ధాంతము నాలుగవ స్థానమున నున్నది. విషయమును నిర్దేశించి, అది సందేహమునకు తావిచ్చునదే యని చూపి, ఎదుటివాని మాటను పూర్తిగా చెప్పిన పిదప గాని స్వమతమును చెప్పుటకు అధికారము లేదు. బౌద్ధమతమును ఖండింపదలచిన కుమారిలభట్టు వేషము మార్చుకొని బౌద్ధగురువులయొద్ద శుశ్రూష చేసెనని శంకరవిజయ కథలు చెప్పుచున్నవి. చరిత్రగా దాని విలువ యెట్లున్నను, పూర్వపక్షమును గ్రహించుటకు ఎంత దూరము పోవలెనని మనవారు తలచిరో అది తెలుపుచున్నది. తెలుగు కవులకును ఈ మార్గము తెలియనిది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున ఒక ప్రకరణమునకు వాదప్రకరణ మనియే పేరు పెట్టెను. తిక్కన ఉద్యోగపర్వమున రాయబారము లన్నియు వాదవిద్యకు ఉదాహరణములే.

అయితే శాస్త్రవిద్య కొద్దిమందిది. అది సంస్కృతమున జరిగినది. వీధిబడిలోని పిల్లవానికి లభించిన విద్య వేరు. బళ్లారి కలెక్టరుగా నుండిన ఎ. డి. క్యాంబెల్ 1823వ సంవత్సరమున వ్రాసిన నివేదిక ఈ విషయమున మనకు మంచి ఆకరము. నాటి బళ్లారి మండలమున నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. ఆ మండలమున 533 పాఠశాలలు, 6,641 విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చెప్పెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొనుట, పద్యములు కంఠస్థము చేయుట, ఆ పద్యముల భాష నిత్యవ్యవహారమునకు దూరమగుటచే అర్థము తెలియకయే వల్లించుట మున్నగు విషయములను ఆయన వర్ణించెను. ఆయన చూపినది పరదేశీయుని చూపు, అందును పాలకుని చూపు. ఆ యెచ్చరికతోనే దానిని చదువవలెను. ఐనను అందొక చిన్న విషయము మా దృష్టి నాకర్షించినది. ఆ బడులలో రకరకముల చేవ్రాతల నున్న ఉత్తరములను చదివించుట, మామూలు ఉత్తరములను వ్రాయించుట, ఒడంబడిక పత్రముల నమూనాలను తయారుచేయించుట కూడ ఉండెనని ఆయనయే చెప్పెను. పత్రము వ్రాయువాడు రేపు ఎదుటి పక్షము ఏ వంక చెప్పి తప్పించుకొనునో ముందుగా యోచించి, ఆ సందు మూయుచు వ్రాయును. సాహిత్యవిద్యలో లేని ప్రతివాది దస్తావేజులో ఉన్నాడన్నమాట. ఈ వ్యావహారిక రచనాశిక్షణ తరువాతి పాఠశాలలలో వ్యాసరచనకు పునాదిగా గ్రహింపబడలేదు; మోటు విద్యగా విడువబడినది.

ఇక వ్యాసము మాట. ఫ్రెంచిదేశమున మొంటేన్ 1580లో తన రచనలకు ‘ప్రయత్నము’లను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆయన ఎవరిని ఒప్పించుటకును వ్రాయలేదు. తన్ను తాను పరీక్షించుకొనుటకు వ్రాసెను. తెలుగున తొలి వ్యాసకర్త ఉద్దేశము వేరు. రాజమహేంద్రవర ప్రాంతమున మున్సబుగా పని చేసిన సామినేని ముద్దునరసింహము నాయుడు విద్య, వివాహము, మంత్రములు మొదలగు విషయములపై వ్రాసిన రచనలు ఆయన మరణానంతరము 1862లో ‘హితసూచని’ యను పేర వెలువడినవి. ఒక్కొక్క రచనకు ఆయన ‘ప్రమేయ’ మని పేరు పెట్టెను. న్యాయశాస్త్రమున ప్రమాణముచే తెలియదగినది ప్రమేయము. అనగా ఊరక ప్రస్తావింపబడు విషయము కాదు, నిరూపింపబడవలసిన విషయము. ఇంత చక్కని పేరు నిలువకపోవుట మన దురదృష్టమని మా యభిప్రాయము. తరువాత ‘ఉపన్యాసము’ వచ్చినది. తుదకు ‘వ్యాసము’ స్థిరపడినది. సమాసమునకు ప్రతిగా వ్యాసమనగా విస్తరము. పేరు మారుటతో దృష్టియు మారినదా యని యొక్కొక్కప్పుడు సందేహము కలుగును. నిరూపింపవలసినది పోయి విస్తరింపవలసినది వచ్చినది.

ముద్దునరసింహము నాయుడు న్యాయస్థానమున కూర్చున్నవాడు. ఇరుపక్షముల మాటలు విని తీర్పు వ్రాయుట ఆయన నిత్యకృత్యము. ఆయన వాడుకభాషను గ్రహించుటను గూర్చి విమర్శకులు చాల వ్రాసిరి. వృత్తివలన అలవడిన వాదక్రమమును గూర్చియు అంత వ్రాయదగియున్నది. లోకులు నమ్మిన యొక మాటను ఎత్తుకొనుట, దాని నేల నమ్మిరో చెప్పుట, ఆ కారణము నిలుచునా యని విచారించుట: ఈ నడక మన రచనాబోధనకు ఆదర్శము కావలసినది. కాలేదు. ఆ గ్రంథము చిరకాలము మరుగున పడియుండినది.

పాఠశాలలో రాజ్యమేలిన గ్రంథము పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక. 1853లో వెలువడిన యీ గ్రంథము తరతరములుగా పాఠ్యమై తెలుగు వచనమునకు ఒరవడియైనది. ఇచట ఒక విచిత్రము కలదు. ఒప్పించుటయే ప్రధానముగా నడచు గ్రంథము నీతిచంద్రికను మించినది లేదు. మిత్రలాభమున లఘుపతనకమను కాకి హిరణ్యకమను ఎలుకతో చెలిమి కోరును. ఎలుక కలుగులోనుండియే సమాధానము చెప్పును. తినువానికిని తినబడువానికిని స్నేహమెట్లు పొసగునని దాని యాక్షేపము. ఇంతకంటె బలమైన పూర్వపక్ష ముండదు. ఏలన అది ప్రకృతిసిద్ధమైనది. కాకి ఆ యాక్షేపమును త్రోసిపుచ్చదు. దానిని ఒప్పుకొని, నిన్ను తినుటవలన నాకు కలుగు లాభ మెంత, నీవు బ్రతికియుండుటవలన కలుగు లాభ మెంత యని లెక్కను మార్చును. ఎలుక మరల శంకించును, కాకి మరల బదులు చెప్పును. మిత్రభేదమున దమనకుడు పింగళకుని మనస్సు విరుచు విధము దీనికి వికృతరూపము: నిజమైన హేతువు లేనిచోట భయమును హేతువుగా నిలుపుట. సద్వాదమును, దుర్వాదమును ప్రక్కప్రక్కన పెట్టి చూపు ఈ గ్రంథమును మన తరగతులలో దేనికొరకు చదివించిరి? సంధులకొరకు, సమాసములకొరకు, ప్రతిపదార్థములకొరకు. కాకి యెట్లు ఒప్పించెనని అడిగిన ప్రశ్నపత్రమును మే మెరుగము.

తరగతి బయట వాదరచన విజృంభించిన కాలమును గూర్చి చాలమందికి తెలియును గనుక క్లుప్తముగా చెప్పుదుము. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. 1879లో రాజమహేంద్రవరమున స్త్రీపునర్వివాహమును గూర్చి ఉపన్యసించి ప్రకటించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన అక్కడ మొదటి వితంతువివాహము జరిగినది. ఈ యుపన్యాసముల వెనుక వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో చేసిన శాస్త్రచర్చ కలదు. పరాశరస్మృతి యందలి యొక వచనము పునర్వివాహమును అనుమతించుచున్నదా, లేక వాగ్దానమాత్రమైన కన్యకే వర్తించుచున్నదా యని పండితులు పోరాడిన కాలమది. ప్రతివాది నమ్ము ప్రమాణమును గ్రహించి, దానితోనే అతనిని ఎదుర్కొనుట ఈ చర్చల పద్ధతి. శాస్త్రమును లెక్కింపని సంస్కర్త ఆ సభలో అర గడియయైనను నిలువలేకపోయెడివాడు. భాషావిషయమున వీరేశలింగముగారు కొక్కొండ వేంకటరత్నముగారితో నడపిన పత్రికాయుద్ధము హాస్యముతో కూడుకొనినది. వేంకటరత్నముగారి ఆంధ్రభాషాసంజీవని ఆ కాలపు పూర్వపక్షమునకు నిలయము. వీరేశలింగముగారి వచనము నానాటికి సులభమగుటకు ప్రతివాదులు కూడ కారకులని మా నమ్మకము. ఎదుటివానికి తగులవలెనని వ్రాయువాడు దీర్ఘసమాసములతో కాలము గడుపడు.

ఇట్టి స్థితిలో రచన విశ్వవిద్యాలయమున ప్రవేశించినది. 1904 నాటి విశ్వవిద్యాలయముల చట్టమునకు పిమ్మట మద్రాసు విశ్వవిద్యాలయపు నిబంధనలు మారినవి. ఎఫ్. ఏ. పోయి ఇంటర్మీడియటు వచ్చినది. దేశభాషలో రచన విద్యార్థికి విధిగా ఏర్పడినది. వెంటనే ప్రశ్న పుట్టినది. ఆ రచన ఏ భాషలో నుండవలెను? విశాఖపట్టణ ప్రాంతమున పాఠశాలల పర్యవేక్షకుడుగా నుండిన జె. ఎ. యేట్సు దొర పుస్తకముల తెలుగునకు, నోటి తెలుగునకు గల దూరమును చూచి ఆశ్చర్యపడి ప్రశ్నించుటయు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావుగార్లు దానిని చేపట్టుటయు సుపరిచితమే. 1911లో ఆంధ్ర సాహిత్యపరిషత్తు స్థాపితమై గ్రాంథికపక్షమునకు కోట యైనది. 1913లో రామమూర్తిగారి ‘ఎ మెమొరాండమ్ ఆన్ మోడరన్ తెలుగు’, జయంతి రామయ్య పంతులుగారి ‘ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు’ వెలువడినవి. విశ్వవిద్యాలయము నియమించిన ఉపసంఘపు నిర్ణయముతో విభేదించి 1914లో అప్పారావుగారు తమ యసమ్మతి పత్రమును సమర్పించిరి. ఆనాటికి గెలుపు గ్రాంథికపక్షమునదే.

ఈ మూడు రచనలను భాషాచరిత్రకై చదువుట మనకు పరిపాటి. వానిని వాదవ్యాసములుగా చదివి చూడుడు. రామయ్య పంతులుగారు గ్రాంథికము ప్రాంతభేదములకు అతీతమైన ఉమ్మడి సొత్తని, వాడుకభాష ఊరికొక తీరుగా, కులమునకొక తీరుగా నుండునని, దానిని ఒప్పుకొనినచో పూర్వసాహిత్యముతో బంధము తెగునని వాదించిరి. వ్యావహారికవాదులమని చెప్పుకొను మనలో చాలమంది ఈ వాదము నెన్నడును దాని పూర్తి బలముతో చదివి యుండలేదు. అప్పారావుగారు చదివిరి. వారి పత్రము బలమంతయు అక్కడనే యున్నది. వ్యాకరణములను, పూర్వవచనములను, సమకాలికుల రచనలను సాక్ష్యమునకు పిలిచి, ఏకరూపమనబడు గ్రాంథికమే ఏకరూపము కాదని చూపుటకు వారు పూనుకొనిరి. ప్రతివాది ప్రతిజ్ఞను గాక ప్రతివాది హేతువును పట్టుకొనుట యనగా ఇదియే. రామమూర్తిగారి మార్గము మరింత సూటియైనది. గ్రాంథికమును శాసించు పండితుల రచనలనే తీసికొని, వారి లక్షణమునకు వారి లక్ష్యమే విరుద్ధమని దోషములను ఎత్తి చూపిరి. ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము’ ఈ పద్ధతికి పరాకాష్ఠ. 1925లో తణుకున జరిగిన సభలో వారు గంటలకొలది ప్రసంగించి ఆ నిదర్శనములనే సభ్యుల ముందుంచిరి.

ఇంత గొప్ప వాదరచన తెలుగు విద్యార్థి రచనను గూర్చియే జరిగినను, అది విద్యార్థికి అందలేదు. కారణము స్పష్టము. పైని చెప్పిన మూడును ఆంగ్లమున వ్రాయబడినవి. నిర్ణయాధికారము గలవారు ఆంగ్లమున చదువువారు, ఒప్పింపవలసినది వారిని. చదువరి నెరిగి వ్రాయుటలో అది ఒప్పే. కాని తెలుగున వాదవ్యాసము వ్రాయవలసిన పిల్లవానికి, ఆ వ్యాసము ఏ తెలుగున వ్రాయవలెనో చర్చించిన ఉత్తమ వాదవ్యాసములు తెలుగున లేకపోయినవి. తెలుగున ఆ చర్చ జరుగలేదని మా భావము కాదు. వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘గ్రామ్యభాషాప్రయోగ నిబంధనము’ ఉన్నది. 1919లో రామమూర్తిగారు ప్రారంభించిన ‘తెలుగు’ పత్రిక ఉన్నది. పాఠ్యగ్రంథములుగా ఇవియు తరగతిలోనికి రాలేదు.

రెండవ నష్టము ఇంతకంటె సూక్ష్మమైనది. రచన యనగానే ‘ఏ భాషలో’ అను ప్రశ్న తక్కిన ప్రశ్నల నన్నిటిని కప్పివేసినది. విద్యార్థి తన యాలోచనను స్వేచ్ఛగా చెప్పలేకపోవుచున్నాడని వ్యావహారికపక్షమువారు పలుమారులు మొరపెట్టిరి. ఆ మొర న్యాయమైనది. కాని ఆలోచనను ఎట్లు కూర్చవలెను, ఆక్షేపమును ఎచట నిలుపవలెను, సాక్ష్యమును ఎట్లు తూచవలెను అనునది ఉభయపక్షములకును ప్రధానవిషయము కాలేదు. పరీక్షకుని ఎఱ్ఱసిరా సంధిదోషముపై పడినంతగా హేతుదోషముపై పడలేదు. భాషాదోషమును గుర్తించుట సులభము. మార్కు తగ్గించుటకు వ్యాకరణసూత్రము తోడుండును. హేత్వాభాసమును గుర్తించుటకు పరీక్షకుడు కొంత ఆలోచింపవలసి యుండును.

ఉపాధ్యాయునికి మిగిలిన సాధనము ఉపోద్ఘాతము, విషయవిస్తరణము, ఉపసంహారము అను మూడు పెట్టెలు. ‘ఆవు’, ‘వసంతఋతువు’, ‘ధూమశకటము’ వంటి విషయములకు ఇవి చాలును. ఆవును గూర్చి విరోధముగా మాటలాడువా డుండడు గదా. ఆ పెట్టెలనే వాదవిషయములకును తెచ్చిరి. లాభములు, నష్టములు అను రెండు జాబితాలు పూర్వపక్ష సిద్ధాంతముల స్థానము నాక్రమించినవి. చూచుటకు ఇవియు అవియు ఒకటేయని తోచును. కాదు. నష్టముల జాబితా ఎవరి మాటయు కాదు. పూర్వపక్షము ఒక మనిషి మాట; అతనికి కారణములున్నవి, అతడు సమాధానము కోరుచున్నాడు. నష్టములను చెప్పి ఊరకుండవచ్చును. పూర్వపక్షమును చెప్పి ఊరకుండుట సాధ్యము కాదు.

తరువాతి దశాబ్దములలో పత్రికలు, పాఠ్యపుస్తకములు, తుదకు విశ్వవిద్యాలయములు క్రమముగా వ్యావహారికమును అంగీకరించినవి. నేడు విద్యార్థి అరసున్నలకు భయపడవలసిన పని లేదు. వ్యాసము మాత్రము మారలేదు. మేము దిద్దిన కట్టలోని పత్రములు చాలవరకు మంచి వాడుకభాషలోనివే. భాషాసంకెల యొక్కటియే అడ్డమైనచో అది తొలగిన పిదప వాదశక్తి వికసింపవలసినది గదా. రామమూర్తిగారి పోరాటమును తక్కువ చేయుటకు ఈ మాట చెప్పుట లేదు. వారు తెరచిన ద్వారమున ప్రవేశించి మనము చేయవలసిన పనిని మనము చేయలేదని మాత్రమే చెప్పుచున్నాము.

మా తరగతిలో కొంతకాలముగా జరిపిన చిన్న ప్రయత్నమును ఇచట ప్రస్తావించుట అప్రస్తుతము కాదనుకొందుము. 1913 నాటి ప్రశ్ననే విద్యార్థుల కిచ్చితిమి: ఇంటర్మీడియటు రచనలో ఏ తెలుగు? మీమాంసకుల అయిదంగములను ప్రణాళికగా గ్రహింపుమంటిమి. విషయమును ఒక వాక్యమున నిర్దేశింపవలెను. సంశయమునకు కారణము చెప్పవలెను. ఇద్దరు బుద్ధిమంతులు దీనిపై ఏల భేదించిరో చెప్పలేనిచో అది వాదవిషయమే కాదు. పూర్వపక్షమును వ్రాసి, భిన్నాభిప్రాయము గల సహాధ్యాయికి చూపి, ‘నా మాట ఇదియే’ యని అతనిచేత సంతకము చేయించుకొనవలెను. ఆ తరువాతనే సిద్ధాంతము. చివర సంగతి: ఈ నిర్ణయమువలన మరి యే విషయములు మారునో చూపుట.

మొదటిసారి ఇది చక్కగా సాగలేదు. పూర్వపక్షమునకు ఎవరును సంతకము చేయలేదు. విద్యార్థులు ఎదుటివానికి మూఢుని మాటలు పెట్టి, వానిని సులభముగా పడగొట్టి సంతోషించిరి. ఈ దోషము శాస్త్రగ్రంథములలోను లేకపోలేదు; సిద్ధాంతియే పూర్వపక్షమును వ్రాయునప్పుడు దానిని తన బాణమునకు తగినంత దూరమున నిలుపుకొనుట సహజము. రెండవసారి, మూడవసారి వ్రాయించితిమి. ఒక విద్యార్థిని గ్రాంథికపక్షమును పూర్వపక్షముగా వ్రాయుచు, మాండలికభేదమును గూర్చిన ఆక్షేపమును ఎంత బలముగా నిలిపినదనగా, తానే దానికి బదులు చెప్పలేకపోయినది. పది దినములు గడువడిగి, శిష్టవ్యవహారమునకును మాండలికమునకును గల భేదమును చదివి వచ్చి, తన ప్రతిజ్ఞను సగము తగ్గించుకొని వ్రాసినది. ఆ సంవత్సరమున మేము చదివిన వ్యాసములలో అది ఉత్తమము. మరియొక విద్యార్థి పక్షమునే మార్చుకొనెను. సహాధ్యాయులు పరిహసించిరి గాని, వాదమని గౌతముడు చెప్పిన దానిని చేసినవాడు అతడొక్కడే.

ఈ పద్ధతికిని తుప్పు పట్టకపోలేదు. రెండు మూడేండ్లలో ‘సంశయము’, ‘సంగతి’ అను శీర్షికలు పాత పెట్టెలవలెనే తయారైనవి. సందేహము లేనిచోట సందేహమును కల్పించి శీర్షిక నింపిన పత్రములు వచ్చినవి. అందుచే ఇప్పుడు శీర్షికలను చిత్తుప్రతికి పరిమితము చేసి, శుద్ధప్రతిలో అవి కనబడకూడదని నియమము పెట్టితిమి. అప్పారావుగారి పత్రమునందును ఆ శీర్షికలు లేవు. ఉండవలసిన పని లేదు.

ముఖ్యమైన లోటు పాఠ్యగ్రంథములది. మన వ్యాససంకలనములు ఒక్కొక్క రచయితనుండి ఒక్కొక్క వ్యాసమును ఏరి కూర్చినవి. వాదమున ఒక చేతిని మాత్రమే అవి చూపుచున్నవి. వివేకవర్ధని వ్రాతల ప్రక్కన ఆంధ్రభాషాసంజీవని వ్రాతలను, రామమూర్తిగారి ప్రక్కన వేంకటరాయశాస్త్రిగారిని చేర్చి జంటలుగా ముద్రించిన సంకలనము తయారుకావలెను. ఆంగ్లమున నున్న 1913, 1914 నాటి పత్రములు టిప్పణులతో తెలుగున రావలెను. వచ్చు సంవత్సరమునకు మే మొక చిన్న భాగమును అనువదించి తరగతిలో వాడదలచినాము. అందు రామయ్య పంతులుగారి ‘డిఫెన్స్’ ముందు వచ్చును, అప్పారావుగారి పత్రము తరువాత వచ్చును. ఇన్నాళ్లు మేము అప్పారావుగారిని మాత్రమే చదివించితిమి. ఆయన ఎవరికి బదులు చెప్పుచున్నాడని ఏ విద్యార్థియు అడుగలేదు.